బావ మూయలేకపోయిన రేకు తలుపు

మా అక్క భర్త మీద కక్షతోనే ఆ మోటారు ఎంచుకున్నాను. దాచడం ఎందుకు?

తెనాలిలో ఒక రైస్ మిల్లు పక్క షెడ్డులో నేనూ బావా కలిసి రెండు సీట్ల చిన్న విమానం కట్టడం మొదలుపెట్టాం. బావ రేపల్లెలో రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేస్తాడు. విమానం ఇంజన్ వేడి బయటికి పోవడానికి కింద ఒక రేకు తలుపు ఉంటుంది, కౌల్ ఫ్లాప్ అంటారు. ఆ రేకు నేను కోశాను; దాన్ని తెరిచి మూసే మోటారు సంగతి తాను చూసుకుంటానని, కారు డోర్ లాక్ మోటారు తెచ్చి బిగించాడు. చెరువు గట్టు మీద ఏది దొరికితే దానితో పని నడిపించడం ఆయనకు అలవాటు. నేలమీదే ఇంజన్ నడిపి చూసిన రోజు, ముందున్న ఫ్యాన్ గాలికి ఆ తలుపు మూసుకుపోయింది. లోపల కూర్చున్న మాకు కనిపించలేదు. వేడెక్కి ఒక సిలిండర్ పాడైపోయింది.

అంతవరకైతే ఓర్చుకునేవాణ్ణి. బాపట్లలో బంధువుల నిశ్చితార్థంలో, విస్తరి ముందు కూర్చుని, "మావాడికి రేకు కొయ్యడం రాదండి, అందుకే ఇంజన్ పోయింది" అని పంక్తంతా నవ్వేలా చెప్పాడు.

ఆ వారమే మూడు రకాల మోటార్లు తెప్పించాను. ఒక్కోదానికి బియ్యం సంచి వేలాడదీసి, వైరు పీకి చూశాను. బొమ్మ విమానాల్లో వాడే సర్వో మోటారు కరెంటు ఉన్నంతసేపు మోసి, పీకగానే చేతులెత్తేసింది. రెండోది మెల్లగా జారింది. మూడోది పొడవాటి మరమేకు మీద నడిచేది. తెరవడానికి పది సెకన్లు తీసుకుంటుంది గాని, కరెంటు పోయినా ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. దాన్ని మిల్లులో ధాన్యం జల్లెడకు కట్టి రెండు రోజులు ఊపించాను. ఒక్క స్క్రూ వదులు కాలేదు.

దాన్ని బిగించి బావకు కబురు చేశాను. మిల్లు వాళ్ళందరినీ టీకి పిలిచాను, ఊరికే కాదు. తలుపు తెరిచి, బ్యాటరీ వైరు ఆయన కళ్ళముందే తీసేశాను.

"ఇప్పుడు మూయండి బావగారూ."

రెండు చేతులతో, మొహం ఎర్రబడేదాకా నొక్కాడు. కదల్లేదు. ఎవరో నవ్వారు. నా కడుపు చల్లబడింది.

"తప్పు నాదేరా" అన్నాడు మెల్లగా. "మరి ఎప్పుడు ఎగురుదాం?"

"మనం కాదు. నేను."

ఆయన చేతులు తుడుచుకుని రేపల్లె రైలుకు వెళ్ళిపోయాడు.

తలుపు ఎంత తెరుచుకుంటోందో సరిచూడాలంటే లోపల స్విచ్ నొక్కేవాళ్ళు ఒకరు, బయట స్కేలు పట్టేవాళ్ళు ఒకరు కావాలి. ఇప్పుడు స్విచ్ నేనే నొక్కి, దిగి వచ్చి నేనే కొలుస్తున్నాను. పిలిస్తే బావ వస్తాడు. పిలవను.