లిఫ్టిచ్చి షార్ట్‌స్టాప్ పట్టుకుపోయిన అంకుల్

ఆస్ట్రేలియాకి చదువుకోవడానికి వచ్చిన ఆ తొలి రోజుల్లో నాకు అన్నీ ఖరీదే, ఒక్క కోపం తప్ప. అది మాత్రం తెల్లారి లేవగానే ఉచితంగా దొరికేది. ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే 'దురదృష్టవశాత్తూ' అని మొదలయ్యే జవాబు, అద్దె ఇంటికి పెడితే అదే మాట, చివరికి సూపర్‌మార్కెట్లో ట్రాలీలు తోసే పనికీ అదే మాట. ఇంత దురదృష్టం నన్నొక్కణ్ణే వెతుక్కుంటూ నేనుండే వెర్రిబీ ఊరి దాకా రావడం చూస్తే, దానికి కూడా వీసా దొరికిందేమో అనిపించేది. ఎవరో ఒకరు నన్ను దేనికో ఒకదానికి ఎంచుకోవాలి, అంతే నా కోరిక. (దేనికైనా సరే అనుకున్నాను గానీ, అది బేస్‌బాల్ అవుతుందనుకోలేదు.)

మాకు కాస్త దూరంలో ఒక క్లబ్బు ఉండేది. దాని కింది తరగతి జట్టుకి ఎప్పుడూ మనుషులు చాలేవారు కాదు, కాబట్టి ఎవరొచ్చినా రానిచ్చేవారు. ఆ ఏడు అందులో షార్ట్‌స్టాప్ స్థానం ఖాళీ అయింది. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడే మనిషి అన్నమాట. బంతులు ఎక్కువగా అటే దూసుకొస్తాయి. వాటిని ఒడిసిపట్టి, కొట్టినవాడు పరిగెత్తి మొదటి బేస్ చేరేలోగా అక్కడున్న మనవాడికి అందించాలి. నరసరావుపేట కాలేజీ గ్రౌండులో క్రికెట్ ఆడుతూ, పాయింట్‌లో నిలబడి బంతి కోసం గాల్లోకి ఎగిరిన నాకు, అది నా పేరు రాసిపెట్టి ఉన్న పోస్టులా కనిపించింది.

పోటీకి ఉన్నది బ్లూయీ ఒక్కడే. జుట్టు ఎర్రగా ఉంటుంది కాబట్టి అతన్ని అలా నీలం పేరుతో పిలుస్తారు (ఈ దేశపు తర్కం మీద కూడా నాకు కోపమే). చెయ్యి ఫిరంగి. కాకపోతే శనివారం తాగింది ఆదివారం మధ్యాహ్నానికి గానీ దిగేది కాదు. బంతి ఒకటొస్తే అతనికి రెండు కనిపించేవనుకుంటాను, ఎప్పుడూ లేనిదాన్నే పట్టుకోబోయేవాడు. నాకు ఒకటే కనిపించేది. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు పోటీయే లేదు.

ఉన్న చిక్కల్లా గ్రౌండుకి చేరడం. ఆట ఉండే ఆదివారం అటు బస్సు లేదు. అందుకని మా వీధి చివరి అంకుల్‌ని పట్టాను. కాకినాడ ఆయన, ఏదో కంపెనీలో ఐటీ మేనేజరు. నలభై దాటాయి, బొజ్జ ఆయనకంటే ఒక అడుగు ముందు నడిచేది.

"దానికేముంది అబ్బాయ్, ఇంట్లో ఉంటే మీ ఆంటీ గరాజ్ సర్దమంటది. మీ ఆటేదో చూద్దాం పద" అన్నారు.

కొన్ని వారాలు ఆయన మడత కుర్చీలో కూర్చుని ఆంటీ కట్టిచ్చిన చేగోడీలు తింటూ చూశారు. ఒక ప్రాక్టీసులో మనిషి తక్కువయ్యాడు. కోచ్ అటు తిరిగి "హే మేట్! గ్రాబ్ ఎ గ్లవ్!" అని అరిచాడు. అంకుల్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని లేచారు. నేను నవ్వాను. నా జీవితంలో అంత తొందరపడి నవ్విన నవ్వు ఇంకోటి లేదు.

ఆయనకి పరుగు రాదు. వంగడం ఇంకా రాదు. వచ్చిన బంతి కాళ్లకో బొజ్జకో తగిలి ఆగేది. దాన్ని తాపీగా తీసుకుని, మొదటి బేస్ దగ్గరున్నవాడి వంక ఒకసారి చూసి, వాడి గుండెకి ఎదురుగా, పూలదండ అందించినట్టు విసిరేవారు. ప్రతిసారీ అంతే.

మరి నేను? పక్కకి దూకి, దొర్లి, లేచి, గురిచూసి కొట్టానంటే బేస్ గుర్తుగా నేలమీద పరిచిన సంచీకే తగలాలి. తగిలేది కూడా. దుమ్ము లేచేది. నేను చెయ్యెత్తి "హౌజట్!" అని అరిచేవాణ్ణి. జవాబుగా ఎక్కడా చప్పుడుండేది కాదు. ఎందుకంటే ఈ ఆటలో సంచీని కొట్టి లాభం లేదు, దాని మీద కాలుపెట్టి నిలబడ్డ మనిషి చేతిలో బంతి పడాలి. ఆ మనిషేమో నా దెబ్బకి చీలమండలు కాపాడుకుంటూ గెంతుతుండేవాడు. "టు ద బ్లోక్, మేట్, నాట్ ద బ్యాగ్!" అని, మనిషికెయ్యి సంచీకి కాదని, అరిచి అరిచి కోచ్ గొంతు బొంగురుపోయేది. నాకు అర్థమైంది. చిన్నప్పట్నుంచీ వికెట్లు కూల్చిన నా చేతికే అర్థం కాలేదు.

మొదటి మ్యాచ్‌కి ముందు కోచ్ మమ్మల్ని రేకుల షెడ్డు కింద నిలబెట్టాడు. "బ్లూయీస్ గాట్ ద ఆర్మ్. ద కిడ్స్ గాట్ ద లెగ్స్. బట్ అంకుల్ గెట్స్ ఇట్ దేర్" అన్నాడు. కిడ్ అంటే నేను, షార్ట్‌స్టాప్ మాత్రం బంతిని చేర్చే ఆయనకి పోయింది. (అంకుల్ అన్నది ఆయన పేరే అనుకునేవాళ్లు అందరూ.) నన్ను బంతి దాదాపుగా రాని కుడి మూలకి పంపాడు. 'దురదృష్టవశాత్తూ' అనలేదు, అంతే తేడా. ఆ మ్యాచంతా నేను గడ్డి పీకుతూ గడిపాను. అంకుల్ ఒక్కో బంతిని అందించినప్పుడల్లా నా మూలలో పచ్చదనం తగ్గింది.

తిరిగి వెళ్లేటప్పుడు నిరసనగా కారులో వెనక సీట్లో కూర్చున్నాను. దిగి నడిచిపోయేంత పౌరుషం ఉంది గానీ, దూరం దానికంటే ఎక్కువ.

అంకుల్ అద్దంలోంచి చూసి "ఏంటబ్బాయ్, ఆకలేస్తుందా?" అన్నారు.

"నేను మిమ్మల్ని తెచ్చింది కారు నడపడానికండీ! నా ప్లేసు లాక్కోడానికి కాదు!"

ఆయన పెట్రోల్ బంకు పక్కన కారు ఆపేశారు. నిజంగానే మొహం చిన్నబోయింది. "అయ్యో, దీనికా? వచ్చేవారం నుంచి మానేస్తాలే. నువ్వే ఆడు."

దాంతో నాకు ఒళ్లు మండిపోయింది. "దానమిస్తే తీసుకోడానికి అదేమన్నా మీ పాత సోఫానా?" అన్నాను. (ఆయనిచ్చిన పాత సోఫా మీదే నేను పడుకునేవాణ్ణి.)

అంకుల్ మళ్లీ కారు స్టార్ట్ చేశారు. "సరే, ఇవ్వను. రోజూ సాయంత్రం పార్కుకి రా. నా చేతికి విసురు. నాకంటే బాగా వేస్తే నువ్వే లాక్కో."

వెళ్లాను. ఆయన్ని ఓడించడానికే వెళ్లాను. "సంచీ సంగతి మర్చిపో, నన్ను చూడు" అనేవారు. కోపంగా చూసేవాణ్ణి. విచిత్రంగా, ఆ కోపంలో బంతి తిన్నగా ఆయన అరచేతిలోకే వెళ్లేది.

"ఇంత సరిగ్గా ఎలా వేస్తారండీ మీరు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మేనేజర్ని కదా అబ్బాయ్. వచ్చిన పని నా దగ్గర అట్టే పెట్టుకోకుండా, పట్టుకునేవాడి చేతిలో పెట్టడమే నా ఉద్యోగం."

ఆ సీజనంతా షార్ట్‌స్టాప్ ఆయనే. చివర్లో నాకు ఆయన పక్కనే రెండో బేస్ ఇచ్చారు. ఆయన నాకు అందిస్తే, నేను మొదటి బేస్‌కి అందించేవాణ్ణి. జట్టు చాలా మ్యాచ్‌లు ఓడింది, కానీ ఎవరి చీలమండా దెబ్బతినలేదు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న మా అమ్మాయి స్కూల్లో సాఫ్ట్‌బాల్ జట్టుని ప్రకటించారు. అందులోనూ షార్ట్‌స్టాప్ ఉంది, అది తన స్నేహితురాలికి దక్కింది. ఆ స్నేహితురాల్ని ప్రాక్టీసుకి పరిచయం చేసింది కూడా మా అమ్మాయేనట. రోజూ కారులో నా పక్కన ముందు కూర్చునేది, ఆ రోజు వెనక తలుపు తీసి ఎక్కి ధడేల్మని వేసుకుంది. ఎందుకు, ఏమిటి అని అడగడానికి నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట మాత్రం నాది కాదు.

"ఆకలేస్తోందా అమ్మా?"

"నో! అండ్ స్టాప్ స్మైలింగ్, నాన్నా. ఐ కెన్ సీ యూ ఇన్ ద మిర్రర్!"