గిరిధర్ కర్మంత్రానికి బందోబస్తు

సబ్-ఇన్‌స్పెక్టరుగా నా చివరి పోస్టింగు పుత్తూరు చుట్టుపక్కల ఒక చిన్న స్టేషన్‌లో. ఇది రిటైరు కావడానికి ముందు ఏడాది, మామిడికాయల కాలంలో జరిగింది. ఆ కాలంలో మా పనల్లా గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన ట్రాక్టర్లను ఒక పక్కకు జరిపించడం. నేరాలు చేసేవాళ్లకు కూడా కాయలు కోయించే పనే ఉంటుంది కాబట్టి స్టేషన్ ప్రశాంతంగా ఉంటుంది. అట్లాంటి ఒక ఉదయం మునెమ్మ అనే పెద్దావిడ వచ్చి, బెంచీ మీద కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే ఫిర్యాదు చేసింది.

"సామీ, నా కొడుకు బతికే ఉండాడు. మా ఊరోళ్లు సంపేసినారు."

స్టేషన్‌కు ఎవరు వచ్చి ఏం చెప్పినా ముందు జనరల్ డైరీలో ఎక్కాలి. అది స్టేషన్ దినచర్య. మా రైటరు, అంటే స్టేషన్ రాతకోతలు చూసే కానిస్టేబులు, ఆమె మాటను శాఖ భాషలోకి మార్చాడు: "ఫిర్యాది కుమారుడు జీవించియుండగా గ్రామస్తులు అతడు మరణించినట్లు ప్రవర్తించుచున్నారు." రాసి, సెక్షన్ ఏం వేయాలి సార్ అన్నట్టు నా మొహం చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

సంగతి ఇది. మునెమ్మ కొడుకు వెంకటేశు హైదరాబాదులో టీవీ నటుడు. ఏళ్ల తరబడి నడుస్తున్న ఒక సాయంత్రపు సీరియల్లో గిరిధర్ అనే పెద్దన్న వేషం అతనిది. గిరిధర్ పెళ్లి మానుకుని చెల్లెళ్లను పెంచాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు, ప్రతి ఎపిసోడులోనూ కాఫీ తాగాడు. అట్లాంటి మనిషిని ముందూ వెనకా చెప్పకుండా ఒక శుక్రవారం లారీ కింద పడేశారు. ఆ రాత్రి మా ఇంట్లో కూడా పొయ్యి వెలగలేదు. నాకు పెరుగన్నం పెట్టి, మా ఆవిడ అది కూడా ఎక్కువే అన్నట్టు చూసింది.

వెంకటేశు ఊరు కాబట్టి ఆ ఊళ్లో బాధ ఇంకా ముదిరింది. పొదుపు సంఘం ఆడవాళ్లు చందాలు వేసుకుని ఊరి మొగలో, అంటే బస్సు ఆగే ఊరి మొదట్లో, "కన్నీటి నివాళి" ఫ్లెక్సీ కట్టారు. నడుమ గిరిధర్ ఫొటో, దానికి నిజమైన బంతిపూల దండ. చుట్టూ సంఘం సభ్యుల ఫొటోలు. మన దగ్గర రివాజు ప్రకారం ఏడ్చేవాళ్ల ఫొటోలు పోయినాయన ఫొటో కంటే ఏమంత చిన్నగా లేవు. పలకరింపుకని వెళ్లి మునెమ్మ తిన్నె మీద కూర్చుని ఏడ్చారు. పదకొండో రోజు పెద్దకర్మ, అదే మా వైపు కర్మంత్రం, కూడా చేస్తామని వంటమనిషికి బయానా ఇచ్చారు.

సంఘం లీడరు రెడ్డెమ్మను పిలిపించాను. ఆమె ఏమాత్రం తొణకలేదు.

"మాకు తెలవదా సారూ, వెంకటేసు సావలేదని? సచ్చింది గిరిధరు. ఆయప్పకు పెండ్లా, పిల్లోళ్లా? మేము సెయ్యకపోతే కర్మంత్రం ఎవురు సేస్తారు?"

"అయితే మునెమ్మ ఇంటిముందు ఎందుకు ఏడుస్తున్నారు?"

"మరి యాడ కూసోని ఏడ్సాల? గిరిధరు ఇల్లు సెట్టింగంట కదా."

సెక్షన్ కోసం పాత చట్టం పుస్తకంలోనూ, కొత్త దాంట్లోనూ వెదికాను. బతికున్న మనిషి వేసిన వేషానికి కర్మ చేయడం నేరమని ఎక్కడా రాయలేదు. జనం గుమిగూడతారు కాబట్టి పై అధికారికి చెప్పడం పద్ధతి. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "బాడీ ఎక్కడుంది?" అని అడిగారు. బాడీ హైదరాబాదులో ఉంది, బతికే ఉంది సార్ అన్నాను. మీరే చూసుకోండి అని పెట్టేశారు.

అప్పటిదాకా నాకు ఇదంతా తమాషాగానే ఉంది. రెడ్డెమ్మ బయటికి పోయాక మునెమ్మ అసలు మాట చెప్పింది. లారీ గుద్దిన ఎపిసోడు వచ్చిన రాత్రి నుంచి కొడుకు ఫోన్ మోగడం లేదు. రోజూ మాపటేల తప్పకుండా మాట్లాడేవాడు. "అది ఆట అని నాకూ తెల్సు సామీ. కానీ నా కండ్లతో సూసినా గదా. ఫోనూ ల్యా. ఈళ్లు వొచ్చి ఏడుస్తా ఉంటే, ఈళ్లకు తెల్సింది నాకు తెలీదేమో అనిపిస్తా ఉండాది." ఆమె ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందన్నట్టు పళ్లు బిగించి నిలబడింది. నాకు సిగ్గేసింది.

మనిషి కనబడకపోతే అతను ఉండే చోటి స్టేషన్‌కు కబురు పంపి విచారించమనడం మా రివాజు. వాళ్లు మరుసటి రోజే వెంకటేశును అతని గదిలో పట్టుకుని ఫోన్‌లో కలిపారు. గొంతు టీవీలో విన్నదే, దమ్ము మాత్రం లేదు. సీరియల్లోంచి తీసేశారట. ఇంకో పని దొరకలేదట. "ఇంకా పదేండ్లు నడుస్తాదని మాయమ్మకు సెప్పినాను సార్. ఇప్పుడు ఏమని సెప్పేది? బాగుండాడని మీరే సెప్పండి." అమ్మతో నువ్వే మాట్లాడు అనేలోగా పెట్టేశాడు. మళ్లీ స్విచాఫ్.

నేను మునెమ్మ ఇంటికి వెళ్లి, మీ కొడుకు క్షేమం, నేనే మాట్లాడాను అని చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

"మీరు మంచోళ్లు సామీ. ముసిల్ది బాధపడుతుందని సెప్తా ఉండారు. నాకు వాని గొంతు ఇనిపించండి."

నా దగ్గర గొంతు లేదు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, తిన్నె మీదున్న రెడ్డెమ్మ కల్పించుకుంది.

"అత్తా, కాకి తల మీద తంతే ఏం జేస్తాం? మనిషి సచ్చిపోయినాడని సుట్టాలకు దొంగ కబురు పంపుతాం. వాళ్లు ఏడిస్తే గండం పోతాది. ఇద్దురు ముగ్గురు ఏడిస్తేనే గండం పోతే, నీ కొడుక్కి ఊళ్లకూళ్లే ఏడ్సినాయి. నూరేండ్లు గ్యారంటీ."

మునెమ్మ ఆలోచించింది. దండ తీసేయాలి, కర్మంత్రం తన వాకిట్లో కాకుండా మొగలో చేసుకోవాలి అంది. రెడ్డెమ్మ సరేనంది. నేను లేచి వస్తుంటే మునెమ్మ మెల్లగా ఇంకో మాట చేర్చింది. "కర్మంత్రం పొద్దుకు కూడా వాని గొంతు ఇనపడకపోతే, ఆ కాకికి పెట్టే విస్తరి నా కొడుక్కే పెట్టినట్టు, సామీ. నేనూ కూసోని ఏడుస్తా."

ఆమె మాటను మక్కీకి మక్కీగా, ఒక్క అక్షరం శాఖ భాషలోకి మార్చకుండా, వెంకటేశుకు చెప్పమని హైదరాబాదు వాళ్లను బతిమాలాను. చెప్పామన్నారు.

పదకొండో రోజు ఇద్దరు కానిస్టేబుళ్లతో బందోబస్తుకు వెళ్లాను. షామియానా వేశారు. కర్మ చేయించే అయ్యవారు గోత్రం అడిగారు. అన్నేళ్ల సీరియల్లో గోత్రం మాట ఎక్కడా రాలేదని తేలింది. తెలియనివాళ్లకు కాశ్యప గోత్రమే కాబట్టి ఆయన ఆ సంగతి అంతటితో ముగించారు. గోడ మీద విస్తరి పెట్టారు: అన్నం, వడలు, పాయసం, పక్కన స్టీలు గ్లాసులో కాఫీ. కాకి ముట్టిన తర్వాతే పంక్తి.

కాకి రాలేదు. ఎండ ముదిరింది, కాఫీ మీద మీగడ కట్టింది. పోయినాయనకు తీరని కోరిక ఉంటే కాకి ముట్టదు. చిన్న చెల్లెలి పెళ్లి కాలేదు కదా, అదే అని కొందరు, విలన్ ఇంకా జైలుకు పోలేదు కదా అని కొందరు. పెళ్లి మేమే దగ్గరుండి చేయిస్తామని గోడకు దండం పెట్టి ఒకామె మాట కూడా ఇచ్చింది. మునెమ్మ దూరంగా వేపచెట్టు కింద, మాటిమాటికీ ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. నేను ఆమె వైపు చూడకుండా ట్రాఫిక్ చూస్తున్నాను. ట్రాఫిక్ లేదు.

అప్పుడు పుత్తూరు బస్సు ఆగింది. గడ్డం మాసిన ఒకతను చేతిలో సంచితో దిగి, ఫ్లెక్సీ ముందు నిలబడి, తన మొహాన్ని తానే కాసేపు చూసుకున్నాడు. షామియానాలో అందరూ లేచి నిలబడ్డారు. రెడ్డెమ్మ ఒక్కతే తేరుకుని అతని దగ్గరకు పోయింది. పలకరించలేదు. పని గురించే అడిగింది.

"అప్పా, కాకి ముట్టల్యా. గిరిధరుకు ఏం కోరిక మిగిలిపోయిందో నీకు తెల్సుంటాది. సెప్పు."

అతను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. గోడ మీది విస్తరి వైపు, వేపచెట్టు వైపు చూశాడు.

"గిరిధరు సంగతి నాకు తెలీదక్కా. నన్ను పనిలోంచి తీసేసినారు. ఇంకోటి దొరికిందాకన్నా ఉండనిస్తే బాగుండు అనుకున్నా. అంతే నా కోరిక."

మునెమ్మ లేచి వచ్చింది. పదకొండు రోజులు బిగబట్టిన ఏడుపు అప్పుడు బయటపడింది. ఏడుస్తూనే కొడుకు వీపు మీద రెండు చరిచింది.

"పనా? పనేనా పోయింది? పని పోయిందని ఎవురన్నా ఫోను ఆపుకుంటారా నాయనా? నువ్వు పోయినావనుకుంటి గదరా!"

అతనికి మొదటి పంక్తిలో మొదటి విస్తరి వేశారు. కాకి ముట్టే దాకా ఎవరూ తినకూడదన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ తిన్నాక చూస్తే గోడ మీద వడలు లేవు. కాకి ఎప్పుడొచ్చిందో చూసినవాళ్లు లేరు. నేను జనరల్ డైరీలో "కార్యక్రమం ప్రశాంతంగా ముగిసినది, మృతుడు హాజరైనాడు" అని రాయించి, మళ్లీ రెండో ముక్క కొట్టేయించాను.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది పనికి సంబంధించిందే. కనబడని మనిషి దొరికితే, క్షేమంగా ఉన్నాడని ఇంటివాళ్లకు పోలీసు నోటితో చెప్పి పని అయిపోయిందనుకోకూడదు. మా మాట చావు కబురుకైతే చెల్లుతుంది. బతుకు కబురుకు ఆ మనిషి గొంతే కావాలి. మిగిలిన ఆ కాస్త సర్వీసులో ఎవరు దొరికినా, ముందు ఫోన్ అతని చేతికిచ్చి, "అమ్మతో మాట్లాడు" అన్న తర్వాతే నేను కాగితం ముట్టుకున్నాను.