ఖాతూన్ బీ కెమెరాలో పడిన నవ్వు

ఆదోనిలో అబ్దుల్ రహీమ్ స్టూడియో చిన్నదే. ముందు గదిలో కుర్చీ, దాని వెనక కొండలు, జలపాతం గీసిన తెర, పక్కన చీకటి గది. వచ్చినవాళ్లకు ఫొటోలు తీసేది రహీమ్. రీళ్లు కడిగి, కాగితం మీద అచ్చువేసేది ఆయన భార్య ఖాతూన్ బీ. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మాత్రం ఆమె కూడా కెమెరా పట్టాల్సిందే. ముస్లిం ఇళ్లలో ఆడవాళ్లు కూర్చునే లోపలి గదిలోకి పరాయి మగవాణ్ని రానివ్వరు. ఆ గదిలో జరిగేదంతా ఖాతూన్ తీయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది జల్వా. పెళ్లికొడుకును లోపలికి తీసుకొచ్చి పెళ్లికూతురి పక్కన కూర్చోబెడతారు. ఇద్దరి తలల మీదా ఒకే ఎర్ర దుపట్టా కప్పి, ముందు అద్దం పెడతారు. ఆ అద్దంలోనే ఒకరి ముఖం ఒకరు మొదటిసారి చూసుకుంటారు.

1979లో ఖాతూన్ తన మొదటి జల్వా తీసింది. పెళ్లికూతురు తల వంచుకుని ఉండగా బటన్ నొక్కింది. ఫ్లాష్ వెలిగింది. సరిగ్గా ఆ తర్వాతే ఆ పిల్ల కళ్లెత్తి అద్దంలోకి చూసింది, పెదవి కొరుక్కుంది, సిగ్గుతో ముఖం చేతుల్లో దాచుకుంది. ఖాతూన్ మళ్లీ నొక్కింది. ఫ్లాష్ వెలగలేదు. దాని వెనక ఎర్ర దీపం వెలిగితేగాని అది రెండోసారి పని చేయదు. ఆ దీపం వెలిగేసరికి దుపట్టా తీసేశారు, అందరూ మిఠాయి పంచుకుంటున్నారు. వంచిన తల ఫొటో చూసి పెళ్లివారు బాగుందనే అన్నారు. ఖాతూన్‌కు మాత్రం ఆ జారిపోయిన చూపే కళ్లముందు ఆడేది.

రహీమ్ దగ్గర బొంబాయి నుంచి స్నేహితుడు తెచ్చిచ్చిన వైండర్ ఒకటి ఉండేది. కెమెరా అడుగున బిగిస్తే చాలు, బటన్ నొక్కి పట్టుకున్నంతసేపూ అదే రీలు తిప్పుకుంటూ గబగబా ఫొటోలు తీసేస్తుంది. రీళ్లు మింగేస్తోందని ఆయన దాన్ని పెట్టెలో పెట్టేశాడు. ఖాతూన్ బయటికి తీసి బిగించింది. కెమెరా టకటకలాడింది గానీ రీలు కడిగితే మొదటి ఫొటో ఒక్కటే వచ్చింది, మిగిలినవన్నీ నలుపే. కెమెరా పరిగెత్తుతోంది, ఫ్లాష్ దాని వెంట పరిగెత్తలేకపోతోంది.

ఫ్లాష్ వెనక ఒక చక్రం ఉంది. పూర్తి వెలుగు, సగం, పావు, అట్లా పదహారో వంతు దాకా గుర్తులున్నాయి. వాళ్లు ఎప్పుడూ దాన్ని పూర్తి మీదనే ఉంచేవారు. ఒక పొద్దున ఖాతూన్ పెరట్లో బట్టలు జాడిస్తూ ఉన్నట్టుండి చేతిలోది వదిలేసి స్టూడియోలోకి పరుగెత్తుకొచ్చింది.

“బిందె అంతా ఒక్కసారే కుమ్మరిస్తాండాము. అది నిండేదాకా కాసుకోని ఉంటాండాము. సెంబుతో పోస్తే ఎన్ని సార్లయినా వస్తాది కదా” అంది భర్తతో.

ఆమె చెబుతున్నది ఫ్లాష్ వెలుగు గురించని రహీమ్‌కు తెలిసేసరికి కొంచెం సేపు పట్టింది. “ఆ వెలుగు సాలదు కదా” అన్నాడు.

“దగ్గరికి పోతా. ఆడ నన్ను ఎవురు అడ్డుకుంటారు?”

తక్కువ వెలుగుకే బొమ్మ పట్టే రకం రీలు కూడా ఉందని రహీమ్ గుర్తుచేశాడు. కర్నూలు నుంచి తెప్పించాడు. ఇక ప్రయోగం ఎవరి మీద చేయాలన్నదే మిగిలింది. ఖాతూన్ అత్త నూర్ బీకి నశ్యం పీల్చే అలవాటు. పీల్చిందంటే వరసగా తుమ్ములే. ఖాతూన్ ఎదురుగా చతికిలబడి, చక్రం పదహారో వంతుకు తిప్పి, బటన్ నొక్కి పట్టుకుంది. ఫ్లాష్ తుమ్ము తుమ్ముకూ మెరిసింది. తీరా కడిగి చూస్తే ప్రతి ఫొటోలోనూ సగం నల్లటి పట్టీ. తొందరలో షట్టర్ వేగం పెంచేసింది. అంత వేగమైతే ఫ్లాష్ వెలుగు రీలులో సగానికే తగులుతుంది. వేగం తగ్గించి మళ్లీ అత్తకు నశ్యం డబ్బీ అందించింది.

ఈసారి అన్నీ వచ్చాయి. ముక్కు ఎగబీల్చడం, కళ్లు మూసుకోవడం, తుమ్ము, ఆ తర్వాత ముఖంలో తేలికదనం, ఏదీ తప్పిపోలేదు. నూర్ బీ వాటిని చూసి కోపగించుకుంటుందేమోనని రహీమ్ భయపడ్డాడు. ఆమె కొంగులో మూటగట్టుకుని పక్కింటి సిద్దమ్మకు చూపించడానికి పోయింది.

1982లో ఎమ్మిగనూరు నుంచి మాబు సాబ్ కబురు పంపాడు. ఆయనకు మగ్గాలున్నాయి. కూతురు గుల్జార్ పెళ్లి, పెళ్లికొడుకుది గోనెగండ్ల. ఖాతూన్ మధ్యాహ్నానికి బస్సు దిగి వాళ్లింటికి చేరింది. లోపలి గది కిటకిటలాడుతోంది. మేనత్తలు, పిన్నమ్మలు, వాళ్ల పిల్లలు, అందరూ తమను ఒక ఫొటో తీయమనేవాళ్లే. ఎవరినీ కాదనలేక తీస్తూ పోయింది. ఇంతలో పెళ్లికొడుకు వస్తున్నాడన్న కేక వినిపించింది. చూసుకుంటే రీలులో రెండే మిగిలాయి. ఫ్లాష్ ఎంత ఓపిగ్గా ఉన్నా రీలు అయిపోతే ఏం లాభం? మిగిలిన రెండూ పోతే పోనీ అనుకుని, గోడవైపు తిరిగి రీలు చుట్టి కొత్తది వేసింది. మూత పడగానే వెనక్కి తిరిగింది. అప్పటికే దుపట్టా కప్పుతున్నారు.

మోకాళ్ల మీద జరుగుతూ అద్దం పక్కకు పోయింది. వెనకనుంచి ఎవరో జరగమన్నారు. ఆమె జరగలేదు. చక్రం చూసుకుంది, షట్టర్ చూసుకుంది, గుల్జార్ కనురెప్పల మీద గురిపెట్టింది.

పెళ్లికొడుకు అనవలసిన మాట ఒకటుంది. ‘బీబీ, కళ్లు తెరువు, నేను నీ గులామును’ అనాలి. ఇంటి నుంచి వల్లెవేసుకుంటూ వచ్చిన పిల్లవాడు అంతమంది ఆడవాళ్లను చూసి తడబడ్డాడు.

“బీబీ, కండ్లు తెరువు. నువ్వు నా గులాము” అన్నాడు.

గుల్జార్ ఒక కన్ను తెరిచింది. ఖాతూన్ బటన్ నొక్కి పట్టుకుంది. మెరుపు మీద మెరుపు. రెండో కన్నూ తెరుచుకుంది, పెదవులు బిగుసుకున్నాయి, బిగువు నిలవక విడిపోయాయి, పెళ్లికొడుకు నాలుక కరుచుకున్నాడు, గుల్జార్ తల వెనక్కి వాల్చి పకపకా నవ్వింది. గదంతా నవ్వింది. ఫ్లాష్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఖాతూన్ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, అవి నవ్వుకు వచ్చాయో సంతోషానికి వచ్చాయో ఆమెకే తెలియదు.

మర్నాడు చీకటి గదిలో కాగితం మీద ఆ ముఖాలు ఒక్కొక్కటే తేలుతుంటే రహీమ్ వంగి చూశాడు. ఆఖరిది తేలగానే, ఆల్బంలో వీటిని విడివిడిగా అంటించొద్దనీ, ఒకే పేజీలో వరసగా పెట్టమనీ అన్నాడు. అప్పటికే ఖాతూన్ వాటిని వరసలో పేరుస్తోంది.

కొన్నాళ్లకు గుల్జార్ మొగుడితో పాటు స్టూడియోకు వచ్చింది. అత్తగారింట్లో ఆల్బం చేతులు మారుతూనే ఉందని చెప్పింది. “ఈయప్ప ఏమన్నాడో నేను సెప్తే ఎవురూ నమ్మలా. ఇప్పుడు ముసలోళ్లు గూడ పేజీ తిప్పనీయరు” అంది. పెళ్లికొడుకు నేలచూపులు చూస్తూ నవ్వాడు.

ఆ వేసవిలో పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు ముందుగా ఖాతూన్ బీకి ఏ రోజు వీలవుతుందని అడగడం మొదలుపెట్టారు. ఆమె గోనెగండ్లకూ, కృష్ణగిరికీ బస్సుల్లో తిరుగుతుంటే ఇంటి దగ్గర రహీమ్ రీళ్లు కడగడమూ, అన్నం వండడమూ నేర్చుకున్నాడు.