బ్యాగు పెద్దది కావాలన్నాడు

గేమ్స్ ఆడుకోవడానికి కంప్యూటర్ కొంటానని మా ఆయన చాలా రోజులుగా అంటున్నాడు. ఈ రోజు ఇద్దరం సాలూరు నుంచి బస్సులో విజయనగరంలోని కంప్యూటర్ షాపుకి వెళ్లాం. కిటికీ పక్కన బల్ల వేయడానికి చోటు నేను నిన్ననే ఖాళీ చేసి ఉంచాను.

మేం ఎంతలో చూస్తున్నామో విని షాపాయన, "ఈ డబ్బుకి లాప్‌టాప్ వద్దు బాబూ. విడి సామాన్లు కొని డెస్క్‌టాప్ బిగించుకోండి. ఆటలకి అదే బాగుంటాది, ఏదైనా పోతే ఆ ముక్కే మార్సుకోవచ్చు" అన్నాడు.

కొత్తవాళ్ల ముందు నోరు తెరవని నేను కూడా, "అదే తీసుకో బావా" అన్నాను.

"దాన్ని పట్టుకెల్లడం అవుద్దేటే?"

"ఎక్కడికి పట్టుకెల్తావు? ఆడేది ఇంట్లోనే కదేటి?"

మా ఆయన షాపాయన వైపు తిరిగాడు. తక్కువ రకమైనా లాప్‌టాపే తీసుకున్నాడు. తర్వాత దాంతో ఇచ్చిన బ్యాగు తెరిచి చూసి షాపాయనను అడిగాడు: "ఈ బ్యాగులో దీంతోపాటు రెండు జతల బట్టలు పడతాయేటి?"

"ఊరెల్తన్నారేటి?" అని షాపాయన నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. ఇంకా పెద్ద బ్యాగు చూపించమన్నాడు.

ఈ మధ్య ఫోన్ వస్తే వీధిలోకి వెళ్లి మాట్లాడుతున్నాడు. నన్ను వదిలి వెళ్లిపోతాడేమోనని అప్పటి నుంచే భయంగా ఉంది. ఇంటికొచ్చాక ఒక్క ఆటా ఆడలేదు. లాప్‌టాప్ ఇంకా బ్యాగులోనే ఉంది.

రెండు జతలంటే ఆయనవే రెండా, ఆయనదొకటీ నాదొకటీనా? నాకు అడగడానికి నోరు రావడం లేదు. మీరైతే అడిగేస్తారా?