సూర్యం బావ చీల్చిన పనస దుంగ

ఒక చిన్న మాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. అన్నం తింటుంటే కూర్చుంది, పిల్లలకి జ్వరమొస్తే కూర్చుంది, ఎవరైనా నా పనిని మెచ్చుకుంటే ఇంకాస్త బరువు పెంచుకుని మరీ కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లయితే ఇది చెప్పేవాణ్ణి కాదు. మొన్న చెప్పవలసిన మనిషికి చెప్పాను. ఒకసారి నోరు తెరుచుకున్నాక మళ్లీ మూసుకోవడం లేదు, అందుకే మీకూ చెప్పేస్తున్నాను.

నేను వీణలు చేస్తాను. పని నేర్పింది మా మావయ్య, అమ్మకి అన్న. నిడదవోలు దగ్గర కాలవ గట్టున ఆయన పాక ఉండేది. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకొచ్చి ఆయన దగ్గర వదిలింది. ఆయనకి ఒక్కడే కొడుకు, సూర్యం. నాకంటే పెద్దవాడు, బావ. ఇద్దరం ఒక కంచంలో తిని, ఒక మంచం మీద పడుకుని పెరిగాం. ఇది చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మావయ్య చేసేవి ఏకాండి వీణలు. అంటే గుండ్రటి కుండ, పొడుగాటి దండి, అంతా ఒకే పనస చెక్కలోంచి తీసేవి. ఆ దుంగని ఆయన రంపంతో కోయనిచ్చేవారు కాదు. ఇనప మేకులు వరసగా దించి, సమ్మెటతో కొట్టి, నిలువునా రెండుగా చీల్చాలి. రంపమైతే నారని ఎక్కడ పడితే అక్కడ తెంపేస్తుంది. మేకు దిగితే చెక్క తన దారిన తాను విచ్చుకుంటుంది. "నార తెగితే నాదం తెగుతుందిరా" అనేవారు. చీల్చడం కూడా చెట్టు చివరవైపు నుంచే మొదలెట్టాలి. వేరువైపు, అంటే మొదలు నుంచి మేకు దించితే చీలిక పక్కకి పారిపోతుందని ఆయన నమ్మకం. అందుకే చెట్టు కొట్టగానే గుర్తుకి మొదలుకి ఎర్రటి జేగురు మట్టి పూసేవాళ్లం. ఏది మొదలో, ఏది చివరో చెప్పే పూచీ చెట్టు తెచ్చినవాడిది. మా పాకలో అది కట్టుబాటు. వాడు చెప్పాక ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు.

ఇది తొంభైల మధ్యలో సంగతి. మావయ్యకి కుడి భుజం లేవడం మానేసింది, సమ్మెట ఎత్తలేకపోయేవారు. ఆ ఏడాది కోనసీమలో ఒక తోటలో మంచి పనస దొరికింది. నేనే ట్రాక్టర్ మీద వేయించుకుని తెచ్చాను. అంత చేవ ఉన్న చెట్టు మళ్లీ నా చేతికి రాలేదు. పాలు పోవడానికి కాలవలో నానేశాం. దీన్ని సూర్యం చీలుస్తాడు, తిన్నగా విచ్చితే మేకులూ సమ్మెటా ఇక వాడివే అన్నారు మావయ్య. అంటే పాక బావది. దుంగ విప్పేవాడు చెప్పినట్టే కదా మిగతావాళ్లు పని చేయాలి.

ఆయన కొడుకు, ఆయన పాక. ఇందులో నాకు జరిగిన అన్యాయం ఏంటి? ఇప్పుడు అడిగితే ఏమీ లేదు. అప్పుడు మాత్రం కడుపు మండిపోయింది. పని బావకంటే నాకే బాగా వచ్చని నా గట్టి నమ్మకం. నిజంగా వచ్చా? బావ సమ్మెట ఎత్తితే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. నన్ను చూడ్డానికి ఎవరూ ఆగలేదు. ఈ ముక్క నాకు నేను చెప్పుకోవడానికే చాలా కాలం పట్టింది.

దుంగని కాలవలోంచి తీసేసరికి జేగురు కడుక్కుపోయింది. రెండు కొసలూ బాడిసతో చెక్కి ఉన్నాయేమో, ఒకలాగే కనిపిస్తున్నాయి. మావయ్య దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, దూరంగా పీట మీద కూర్చున్నారు. బావ మొదటి మేకు పట్టుకుని నా వైపు చూశాడు.

"ఒరేయ్, చివర ఇటేగా?"

ఇటు కాదు. అది మొదలు. ట్రాక్టర్ మీంచి దించినప్పటి నుంచీ నాకు తెలుసు.

"ఇటే బావా. కొట్టు."

అంతే. తడిగుడ్డతో గొంతు కోయడమంటారే, అంత మెత్తగా అయిపోయింది.

బావ కొట్టాడు. దెబ్బ మీద దెబ్బ, ప్రతిదీ మేకు తల మధ్యనే. సగం దాకా బుద్ధిగా వచ్చిన చీలిక ఒక్కసారి పక్కకి తిరిగి, కుండ రావలసిన చోటుని కోసుకుంటూ బయటికి పోయింది. మావయ్య లేచి వచ్చారు. దుంగని చూశారు, కొడుకుని చూశారు. "నీ చెయ్యి మంచిది కాదురా" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. మేకులు ఏరి నా ముందు పెట్టారు. నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రమే దుంగని గొడ్డలితో పొయ్యి కట్టెలు చేసేశాను. ఎవరైనా తీరిగ్గా కొసలు చూస్తారేమోనని భయం. పాపం, మంచి చెట్టు పాడైందని బాధపడుతున్నాడు అనుకున్నారు ఇంట్లోవాళ్లు. అత్తయ్య మజ్జిగ కూడా తెచ్చి ఇచ్చింది.

బావ మళ్లీ సమ్మెట పట్టలేదు. భీమవరం వెళ్లి రొయ్యల మేత కొట్లో చేరాడు. మావయ్య పోయేదాకా నన్నే నమ్ముకున్నారు. చెప్పొచ్చుగా అంటారు మీరు. చివర నుంచి కొట్టినా ఆ దుంగ పక్కకే పోయేదేమో, చెట్టులోనే మెలిక ఉందేమో, మావయ్యది ఉత్త చాదస్తమేమో... ఈ ఏమోలతోనే కాపురం చేశాను. అవన్నీ నిజమే కావచ్చు. కానీ నేను ఆ మాట అన్నది దుంగ చెడాలనే. అందులో ఏమో లేదు.

మొన్న బావ కొత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్లాను. గుమ్మం ముందు పంతులుగారు కొబ్బరికాయ బావ చేతిలో పెట్టి, "కొట్టండి" అన్నారు. బావ నవ్వుతూ నా వైపు తిరిగాడు. "నువ్వు కొట్టరా. నా చేతికి ఏదీ తిన్నగా పగలదు" అన్నాడు. వాళ్లావిడ ఏమాత్రం ఆశ్చర్యపోకుండా పళ్లెం నా ముందుకి జరిపింది. అంటే ఇది ఆ ఇంట్లో మామూలే. గుళ్లోనూ, పండగలకీ కూడా బావ కాయ కొట్టడన్నమాట. సొంత గుమ్మంలో కాయ కొట్టుకోవడానికి జంకే మనిషిని చేసి పెట్టాను నేను.

కొట్టాను. రెండు చెక్కలూ సమానంగా వచ్చాయి. అందరూ సంతోషించారు. నాకు ఏడుపొచ్చింది, పొగ అని చెప్పాను.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే చెప్పేశాను. ఇన్నేళ్లుగా మనసులో కూడబెట్టుకున్న మాటలేవీ సమయానికి రాలేదు. "బావా, ఆ రోజు నువ్వు కొట్టింది మొదలు వైపు. నాకు తెలుసు. తెలిసే చెప్పాను" అన్నాను. నా చేతుల మీద నీళ్లు పోస్తున్న బావ ఆగిపోయాడు. కొడతాడనుకున్నాను. చెంబు పట్టుకున్న తన చేతి వంక చూసుకున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"అయితే నా దెబ్బ తిన్నగానే పడిందా?"

"తిన్నగానే పడింది బావా. ప్రతి దెబ్బా."

తలూపి, చెంబు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. నేను బయల్దేరుతుంటే బయటికి రాలేదు. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తమని నేనెలా అడుగుతాను?

అయినా మీ దగ్గర దాచడం దేనికి, తిరుగు బస్సులో నాకు హాయిగా నిద్ర పట్టింది. కండక్టర్ లేపితే గానీ నిడదవోలు వచ్చిందని తెలియలేదు. అంత పని చేసినవాడు అలా నిద్రపోవచ్చా? నాకు తెలియదు. ఇన్నేళ్లూ నా తప్పుని బావ తన చేతిదనుకుని మోశాడు. ఇప్పుడది నాది. నాదేనని నోరు విప్పి చెప్పాను.