అక్కయ్య కోసం మింగిన మాత్ర

మా మనవరాలు డాక్టరు చదువుతోంది. పరీక్షలొస్తే పాఠం ఎవరికో ఒకరికి అప్పజెప్పనిదే దానికి తలకెక్కదు; ఇంట్లో ఖాళీగా దొరికేదాన్ని నేనే. మొన్న స్కిజోఫ్రీనియా వంతు వచ్చింది. మెదడులో డోపమిన్ అని ఒక రసాయనం ఉంటుందట. కొన్నిచోట్ల దాని జోరు ఎక్కువైతే లేని గొంతులు వినిపిస్తాయట, లేని శత్రువులు కనిపిస్తారట. మాత్ర వెళ్లి ఆ జోరుకు అడ్డం పడుతుందట. "ఇదొక్కటే కాదు అమ్మమ్మా, ఇంకా చాలా ఉంది. అసలు కారణం పూర్తిగా ఎవరికీ తెలీదు" అని తనే ఒప్పుకుంది. తొలిరోజుల్లో వచ్చిన పాత మందు గురించి మొదలుపెట్టగానే నేను అందుకుని, "నాలుక పిడచకట్టుకుపోతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి" అన్నాను. "నీకెలా తెలుసు?" అంది. మింగాను కనుక తెలుసు.

అరవయ్యో దశకం మొదట్లో నేను నందివాడ దగ్గరి అత్తవారింటికి కాపురానికి వచ్చేసరికి, ఆ ఇంట్లో నాకొక తోటికోడలు ఉంది. అక్కయ్యా అని పిలిచేదాన్ని. ఆవిడ పుట్టిల్లు దివిసీమ. మగవాళ్ల భోజనాలు, అత్తగారి భోజనం అయ్యాక మేమిద్దరం వంటింట్లో కూర్చునేవాళ్లం. కొన్నాళ్లకి ఆవిడ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేయడం మొదలుపెట్టింది. అన్నంలో అత్తగారు విషం కలిపారని గోడ వెనకనుంచి ఎవరో చెబుతున్నారట. నేను తిన్నది మాత్రం తింటుంది. అందుకని ఆవిడ కంచంలోంచి ప్రతిదీ ముందు నేను తినాలి. పప్పు, పులుసు, పెరుగు, ఆఖరికి మంచినీళ్లు కూడా. రెండు భోజనాలు చేసి నేను గుండ్రంగా తయారయ్యాను. మా అమ్మ చూడ్డానికొచ్చి, "ఏమే, విశేషమా?" అని మొహం ఇంత చేసుకుంది. మజ్జిగ ఇంకో గ్లాసు తాగాను.

తాయెత్తులయ్యాయి. గుడివాడ వైద్యుడి కషాయాలయ్యాయి. అవీ సగం నేనే తాగాను. చివరికి అత్తగారు బావగారిని పిలిచి, "కోతలయ్యేలోగా నెమ్మదించకపోతే దాన్ని దివి తీసికెళ్లి దింపేసి రారా. పిల్లాడు మాత్రం ఇక్కడే ఉంటాడు" అని తేల్చేశారు. అక్కయ్య కొడుక్కి అప్పటికి నాలుగేళ్లు. బావగారు తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. అక్కయ్య రైలెక్కనంది కనుక మర్నాడు ఆయనొక్కరే గుడివాడలో రైలెక్కి బందరు వెళ్లి, అక్కడొక డాక్టరుగారికి అంతా చెప్పుకుని మాత్రలు తెచ్చారు. "మెదడులో ఏవో రసాయనాలు తేడా చేస్తాయటమ్మా. అవేమిటో ఇంకా సరిగ్గా తేల్లేదన్నారు. ఇది వేస్తే చాలామందికి నెమ్మదిస్తోందట" అని తలుపు వైపు చూస్తూ నాతో చెప్పి, పొట్లం నా ముందు పెట్టారు. అక్కయ్య మాత్రను చూసింది, నన్ను చూసింది. మింగాను.

బావి దగ్గరికి వెళ్లబోయి వసారాలో కూలబడ్డాను. అందరి మాటలూ వినబడుతున్నాయి, ఒక్కటీ నాకు సంబంధించినట్టు లేదు. పాలు పొంగి పొయ్యిలో పడుతున్న వాసన తెలుస్తోంది. పోతే పోనీ అని కూడా అనుకోలేదు. అత్తగారి గొంతు వింటేనే నాకు దడ. అలాంటిది ఆవిడ నా పేరు పెట్టి అరుస్తుంటే, వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టుంది. బాధగా ఉందా అంటే లేదు. హాయిగానూ లేదు.

అక్కయ్యకి మాత్రం అంతా రుజువైపోయింది. తనకి పెట్టబోయిన విషం నాకు తగిలింది. పొద్దుగూకేదాకా నా తల ఒళ్లో పెట్టుకుని విసురుతూ, "దీన్ని ముట్టుకున్నారో, చంపేస్తాను" అని దగ్గరకొచ్చినవాళ్లందర్నీ తరిమేసిందట. మా ఆయన్ని కూడా. నేను కళ్లు తెరిచేసరికి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం నా మీదికి వంగి ఉంది.

"బతికావుటే?"

"నిద్రపోయానక్కయ్యా, అంతే."

"లోపల ఎవరేనా మాట్లాడారా?"

"లేదు."

"భయమేసిందా?"

"ఏమీ అనిపించలేదు."

"ఏమీనా?" అంది. ఎన్నాళ్లనుంచో నిద్రలేని కళ్లతో నన్నే చూసింది. తరవాత చెయ్యి చాపి, "అయితే ఇలా తే, నాకూ ఒకటి" అంది.

కోతలయ్యాయి. అక్కయ్య దివి వెళ్లలేదు. గోడ వెనక వాళ్లు రానురాను మాట్లాడటం మానేశారు. అత్తగారు వడ్డించినా తినేది, ఎవరు వడ్డించినా తినేది. నేను మళ్లీ చిక్కిపోయాను. పిల్లాడికి తల దువ్వేది, బడికి పంపేది. వాడు పడి మోకాలు పగలగొట్టుకుని ఏడుస్తూ వస్తే శుభ్రంగా కడిగి గుడ్డ కట్టేది, ఆ మొహంలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు. తొలికాన్పులో బిడ్డ దక్కక నేను పుట్టింటినుంచి తిరిగొచ్చిన రోజున గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూసి, "కాఫీ పెట్టనా?" అంది. పెట్టమన్నాను. కోపం రాలేదు. ఆవిడ ఎక్కడుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఒక పగలంతా నేనూ అక్కడే ఉన్నాను మరి.

ఇప్పుడు ఇంతకంటే మంచి మందులొచ్చాయంటుంది మా మనవరాలు. వచ్చే ఉంటాయి. ఆ పాత మాత్రను మాత్రం నేను తిట్టలేను. అది లేకపోతే ఆ పిల్లాడు తల్లి లేకుండా పెరిగేవాడు. అక్కయ్యను ఇంట్లో నిలబెట్టింది నువ్వేనని మావాళ్లు నన్ను మెచ్చుకుంటారు. నిజమే, పోయేదాకా ముప్ఫై ఏళ్లకు పైగా ఆవిడ నా పక్కనే కూర్చుని అన్నం తింది. ఒకరి కోసం ఎదురుచూడాలంటే ఆ మనిషి దూరంగానే ఉండనక్కర్లేదని ఆ ఏళ్లన్నీ గడిచాక గాని నాకు తెలియలేదు.