వెలుతురుకి ఎత్తి చూడని కార్డు

నా చిన్నప్పుడు ఢిల్లీలోని ద్వారకకి ఇంకా మెట్రో రాలేదు. మా సెక్టారులో సగం ప్లాట్లు ఖాళీ, మిగతా సగంలో కొత్త సున్నం వాసన పోని సొసైటీ ఫ్లాట్లు. నీళ్ళ ట్యాంకరు వచ్చిందంటే అందరూ బకెట్లతో కిందికి దిగాల్సిందే. తెలుగువాళ్ళం కొద్దిమందిమే కాబట్టి ఆదివారాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో భోజనాలు పెట్టుకునేవాళ్ళం. మా పిన్ని పగ తీర్చుకోవడం నేను చూసింది అలాంటి భోజనాల దగ్గరే. పగ అనేది పెద్ద మాట అనిపిస్తే మీరు మరో మాట పెట్టుకోండి. నాకు మాత్రం సరిపోయిన మాట అదే.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసేది, మాతోనే ఉండేది. ఆ ఏడాది కాకినాడ నుంచి అమ్మమ్మ కళ్ళ ఆపరేషన్ కోసం వచ్చింది. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది గాని, ఎవరో తెలిసేది కాదు. చీరల మడతల మధ్య ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చుకుంది. అందులో తాతయ్య పంపిన కార్డులు ఉండేవి. పెళ్ళయిన కొత్తలో తాతయ్య ఓడల్లో గుమాస్తాగా తిరిగేవాడు. దిగిన రేవులోనల్లా ఒక తమాషా కార్డు కొని ఇంటికి పంపేవాడు. తాతయ్య పోయి చాలా కాలమైంది. చూపు రాగానే ముందు వాటినే చూసుకోవాలని అమ్మమ్మ కోరిక.

సేకరించేవాళ్ళు వీటిని నావెల్టీ కార్డులంటారు. బొమ్మ చూపించి ఊరుకోకుండా ఇంకేదో చేసే కార్డన్నమాట. పొట్ట నొక్కితే కీచుమనే పిల్లి, కాగితం నాలుక లాగితే కళ్ళు తిప్పే దొర, పట్టుదారంతో కుట్టిన పువ్వు ఇలాంటివే. అన్నిటికన్నా అపురూపమైనవి వెలుతురు కార్డులు. వాటిలో రెండు రకాలు. మొదటి రకంలో బొమ్మలోని కిటికీలను సన్నగా కత్తిరించి, వెనక పల్చటి రంగు కాగితం అంటిస్తారు. దీపానికి అడ్డంగా పట్టుకుంటే పగటి ఊరు కాస్తా రాత్రి ఊరై కిటికీలన్నీ వెలుగుతాయి. రెండో రకానికి కన్నాలుండవు. పొరల మధ్య ఇంకో బొమ్మ దాగి ఉంటుంది, వెలుతురుకి ఎత్తితేనే బయటపడుతుంది. చేతిలో ఉన్నంతసేపూ అది మామూలు కార్డే. అందుకే పాత అట్టల గుట్టల్లో ఎవరికీ తెలియకుండా పడి ఉంటుంది, ఎప్పుడో తప్ప దొరకదు.

అమ్మమ్మ డబ్బాలో మొదటి రకం ఒకటి ఉండేది. ఏదో రేవు పట్నం బొమ్మ. నీళ్ళ ఒడ్డున మేడలు, మేడల నిండా కిటికీలు.

మా సొసైటీలోనే రిటైరైన అంకుల్ ఒకాయన ఇలాంటి కార్డులు సేకరించేవారు. హైదరాబాద్ మనిషి, మాట తీపి. అమ్మమ్మ వచ్చిందని తెలిసి ఆపిల్ పళ్ళతో చూడ్డానికి వచ్చారు. ఆ సమయానికి నేను స్కూల్లో, పిన్ని ఆఫీసులో, అమ్మ వంటింట్లో. అమ్మమ్మ మురిసిపోయి డబ్బా తెరిచి చేతికిచ్చింది. "ఏముందమ్మా వీటిల్లో, పాత కాగితాలు కొనే కబాడీవాడు కూడా తీసుకోడు. నా మనవడికి ఈ పిల్లి బొమ్మ ఇస్తారా, ఆడుకుంటాడు" అని అడిగారట. పిల్లి పొట్ట నొక్కి కీచుమనిపించారట కూడా. పసివాడికి కాదంటుందా, తీసుకెళ్ళమంది.

సాయంత్రం నేను డబ్బా తెరిస్తే పిల్లి అందులోనే ఉంది. రేవు పట్నం లేదు.

నాన్న ఫోన్ చేస్తే అంకుల్ తొణకలేదు. ఏదో ఒకటి తెచ్చాను, ఏదో గుర్తులేదు అన్నారు. తర్వాత తెలుగు సంఘం వాళ్ళ సభలో, కమ్యూనిటీ హాల్లో ఆయన కార్డుల ప్రదర్శన పెట్టారు. మధ్య బల్ల మీద, వెనక బల్బు వెలుగులో, అద్దం కింద మా రేవు పట్నం కిటికీలన్నీ వెలిగించుకుని కూర్చుంది. నాన్న ఉండబట్టలేక, "ఇది మా అత్తగారిది కదండీ" అన్నాడు.

"ఆమె చేతులారా ఇచ్చారు కదా భాయ్" అన్నారు అంకుల్. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేట్టు, "పెద్దావిడ, చూపు లేదు. ఏది ఇచ్చిందో ఏం గుర్తుంటుంది పాపం" అన్నారు.

నలుగురూ పాపం అన్నట్టు తలలూపారు. నాన్న మొహం ఎర్రబడింది. పిన్ని మాత్రం నవ్వుతూ నిలబడి, శ్రద్ధగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. అసలుదీ నకలూ ఎలా తెలుస్తుందంకుల్? భూతద్దంలో చూడమ్మా, కొత్త నకలైతే అచ్చు చుక్కలు వరుసగా పేర్చినట్టుంటాయి. ధర దేన్ని బట్టి పెరుగుతుంది? మూలలు మడత పడకూడదు, ఒక్క కిటికీ కూడా చిరగకూడదు, సూదిమొన అంత కన్నం ఉన్నా విలువ పడిపోతుంది. దీనికీ ఒక కన్నం ఉండేది, నేనే కాగితం గుజ్జు పెట్టి పూడ్చి రంగు అద్దాను. మరి వెలుతురు కార్డని దుకాణంలో ఎలా కనిపెడతారు, ఎత్తి చూస్తారా?

అంకుల్ గట్టిగా నవ్వారు. "ఎత్తి చూస్తే అమ్మేవాడికి తెలిసిపోదా బేటీ? ఎప్పుడూ ఎత్తను. బొటనవేలితో మందం చూస్తా, గోరుతో అంచు చూస్తా. పొరలు తగిలాయా, మామూలుదే అని పక్కన పెట్టి, పోతూ పోతూ ఊరికే అడిగినట్టు అడుగుతా."

పిన్ని "అచ్ఛా" అంది. ఆ ఒక్క మాట అన్న తీరు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంటికొచ్చి కన్నం పూడ్చిన సంగతి చెబితే, అసలు ఆ కన్నం ఎందుకుందో అమ్మమ్మ అప్పుడు చెప్పింది. కార్డు మీద ఏం రాసినా ముందు పోస్ట్‌మ్యాన్, తర్వాత అత్తగారు, ఆ తర్వాత వీధిలోవాళ్ళు చదివేవారట. అందుకని తాతయ్య అందరి క్షేమం అడిగి, తను దిగిన మేడ దగ్గర సూదితో పొడిచి పంపాడట. కిటికీలన్నీ పసుపుగా వెలిగితే ఆ చుక్క ఒక్కటే తెల్లగా వెలిగేది. మొగుడు ఎక్కడ పడుకున్నాడో కాపురానికొచ్చిన కొత్త కోడలికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ చుక్కనే అంకుల్ పూడ్చేశారు.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు నాన్న పోలీసుల మాటెత్తాడు. పిన్ని వద్దంది. "ఆయన తీసిన గోతిలోకి ఆయన్నే దింపుదాం బావా, మనం తవ్వడమెందుకు" అంది.

తర్వాతి వారాల్లో అమ్మమ్మకి ఒక కంటికి ఆపరేషన్ అయింది. పిన్ని పాత పుస్తకాలు అమ్మే దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద ఒక పాత కార్డు కొనుక్కొచ్చింది. ఏదో కోట, పైన వెడల్పాటి ఆకాశం. దాన్ని నీళ్ళలో నానబెట్టి ముందు పొర, వెనక పొర విడదీసింది. ఫొటో ఆల్బమ్‌లోని నల్ల కాగితాన్ని ఆ కొలతకు కత్తిరించి, దాని మీద ఆఫీసు బ్లేడుతో అక్షరాలు కోసింది. మన అక్షరాలు గుండ్రం కదా, లోపలి ముక్కలు ఊడిపోకుండా సన్నటి వంతెనలు వదిలింది. తర్వాత నల్ల కాగితాన్ని మధ్యలో పెట్టి మైదాపిండి జిగురుతో అంటించి, మా అట్లాసు కింద పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం ఉంచింది. ఆరాక చేతిలోకి తీసుకుంటే మామూలు కోట. బాల్కనీలో ఎండకు ఎత్తి చూసి నేను నోరు తెరిచాను. పిన్ని నా నోటి మీద వేలు పెట్టింది.

భోజనాల వంతు అంకుల్ వాళ్ళది వచ్చింది. అందరూ తిని తాంబూలాలు వేసుకుంటుండగా పిన్ని సంచిలోంచి కోట కార్డు తీసింది.

"అంకుల్, ఇది దర్యాగంజ్‌లో దొరికింది. దీనికేమైనా విలువుందేమో కాస్త చూసి చెప్పండి."

ఆయన అందుకున్నారు. బొటనవేలు మెల్లగా కార్డు మీద జారింది. గోరు అంచు వెంట నడిచి ఒకచోట ఆగింది. కిటికీలోంచి ఎండ పడుతూనే ఉంది, ఆయన దాని వైపు తిరగనైనా తిరగలేదు. జేబులో భూతద్దం ఉంది, తియ్యలేదు.

"ఏముందమ్మా, మామూలు అచ్చుబొమ్మ."

"సరిగ్గా చూడండంకుల్. మీరు చెప్పిందే నాకు లెక్క."

"నలభై ఏళ్ళుగా చూస్తున్నా. మామూలుదే."

"అయితే పారేస్తాను."

"పారేయడం దేనికి? ఇక్కడ పెట్టు, ఆల్బమ్‌లో వెనక దన్నుగా పనికొస్తుంది."

"ఊరికే ఇస్తే మా అమ్మ ఊరుకోదు. పోయినసారి ఊరికే ఇచ్చి తనే బాధపడింది పాపం" అంది పిన్ని, ఆ పాపాన్ని కొంచెం సాగదీస్తూ. "మార్చుకుందాం. మా రేవు పట్నం ఇవ్వండి. కన్నానికి అతుకేసిన కార్డేగా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆంటీ వంటింట్లోంచే, "ఇచ్చేయండీ, ఆడపిల్ల నోరు తెరిచి అడుగుతుంటే" అన్నారు. అంకుల్ ఒక్క క్షణం ఆలోచించారు. ఆ క్షణంలో ఆయన బుర్రలో తిరిగిన లెక్క నేనిప్పుడు వేయగలను. ఇచ్చేది మొదటి రకం, అందులోనూ అతుకు పడ్డది. వచ్చేది రెండో రకం, ఏ లోపమూ లేనిది. పైగా అందరి ముందూ మంచి పేరు. లేచి వెళ్ళి రేవు పట్నం తెచ్చి, సన్మానం చేస్తున్నట్టు రెండు చేతులతో ఇచ్చారు.

"మళ్ళీ నాది మామూలుదని నన్ననకూడదు" అంది పిన్ని.

"నేనే చెబుతున్నాగా. ఇంతమంది సాక్ష్యం" అన్నారాయన.

మేం వెళ్ళాక ఆయన దాన్ని ఎప్పుడు ఎత్తి చూశారో తెలియదు. ఎత్తినప్పుడు మాత్రం కోట మీది ఆకాశంలో అక్షరాలు వెలిగి ఉంటాయి. "మా అమ్మకు చూపొచ్చింది" అని. ఆయన వేలు తప్పు చెప్పలేదు, అది నిజంగా వెలుతురు కార్డే. పిన్ని కూడా అబద్ధమాడలేదు. ఆయన నోరు మెదపాలంటే అది మామూలుది కాదని తనకు ముందే తెలుసని ఒప్పుకోవాలి. తర్వాతి ఆదివారం పిన్ని సాంబారు వడ్డిస్తూ, "దన్నుగా పనికొచ్చిందా అంకుల్?" అని ఆప్యాయంగా అడిగింది. "ఠీక్ హై అమ్మా" అన్నారాయన, కంచంలోంచి తలెత్తకుండా. ఆ పైన ఆయన ఆదివారాలకు రావడం తగ్గింది.

రేవు పట్నం ఇంటికొచ్చిన రోజే పిన్ని సూది తడిపి గుజ్జు తీసేసింది. అమ్మమ్మ నల్లకళ్ళద్దాలు తీసి, ట్యూబ్‌లైటు కేసి కార్డు ఎత్తి, ఆపరేషన్ అయిన కంటితో వెతుక్కుంది. దొరికాక కూడా చేయి దించలేదు. దించాక ఆమె మొదట అడిగింది తాతయ్య గురించి కాదు.

"వాడి మొహం ఎలా ఉందే?"

"నేను చూడలేదమ్మా. మేమొచ్చాక చూసుకుని ఉంటాడు."

"అదే తప్పు చేశావు. పక్కనుండి చూడాల్సింది" అంది అమ్మమ్మ నిజంగానే నొచ్చుకుంటూ. "నన్నైనా తీసుకెళ్ళకపోయావా."

ఆ అంకుల్ ఇప్పుడు లేరు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన కార్డులు చాలా పొందిగ్గా సర్దేవారు. అంతకన్నా నా నోటికి రావడం లేదు, రప్పించే ప్రయత్నమూ చేయను. క్షమిస్తే మనసు తేలికవుతుందని ఎవరైనా అంటే, ఆ రోజు మా ఇంట్లో అందరి మనసులూ ఎంత తేలిగ్గా ఉన్నాయో గుర్తొస్తుంది. ఎవరూ ఎవర్నీ క్షమించలేదు.

ఇప్పుడు నేనూ తమాషా కార్డులు కొంటాను. పాత సామాన్ల బజారులో ఎవరైనా చేతికిస్తే, అమ్మే మనిషి ముందే దాన్ని ఎండకు ఎత్తి చూసి, అందులో ఏముందో చెప్పేస్తాను. ధర అక్కడికక్కడే పెరుగుతుంది. మా ఆవిడ నన్ను పిచ్చి సత్యహరిశ్చంద్రుడంటుంది. మంచితనంతో చేస్తున్నానని ఆమె అనుకుంటోంది. కాదు. ఎవరి ముందైనా తెలియనట్టు నటించబోయే ముందు, వాళ్ళింట్లో పిన్ని లాంటి మనిషి ఉండొచ్చన్న భయం నా వేళ్ళ దాకా వస్తుంది.